బావ్‌జున్ ఎవరిది? ఒక గడిలో పట్టని జవాబు

హైదరాబాద్‌లో, కార్ల పరిశ్రమ లెక్కలు అమ్మే ఒక సంస్థలో నా ఉద్యోగం. మా సరుకంతా ఒక్క పెద్ద షీటు. ఏ దేశంలో ఏ కారు నెలకి ఎన్ని అమ్ముడైంది, ఏ ఫ్యాక్టరీలో తయారైంది, బ్రాండేమిటి, ఆ బ్రాండు యజమాని ఎవరు... మోడల్‌కి ఒక వరస. విడిభాగాలు చేసే కంపెనీలు ఈ షీటు కొనుక్కుని, రాబోయే ఐదేళ్లలో ఎవరి గుమ్మం తొక్కితే ఆర్డర్లు దొరుకుతాయో చూసుకుంటాయి.

చివర ఉండే ‘యజమాని’ కాలమ్‌ని మేం ఎన్నడూ పట్టించుకోలేదు. ఆడీ అంటే ఫోక్స్‌వాగన్, లెక్సస్ అంటే టొయోటా. కొత్తగా చేరినవాళ్లకి చేయి తిరగడానికి మొదటి రోజు ఇచ్చే పని అది. 2018 మొదట్లో ఒక క్లయింటు సరిగ్గా ఆ కాలమ్ మీదే వేలు పెట్టాడు. క్లయింటుది ఏ దేశమో, ఏ భాగం చేస్తారో చెప్పను. మా టీమ్‌లో వాళ్ల పేర్లూ చెప్పను. బ్రాండు సంగతులు మాత్రం అందరికీ తెలిసినవే కాబట్టి ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

వచ్చిన ఫిర్యాదు

మెయిల్ చిన్నది. చైనా బ్రాండు బావ్‌జున్ మా షీటులో రెండుసార్లు ఉందట. ఒకచోట యజమాని అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం), ఇంకోచోట ఎస్‌ఏఐసీ, అంటే షాంఘై ప్రభుత్వ కార్ల సంస్థ. నెలనెలా అంకెలు రెండుచోట్లా ఒకటే. ఇంతకీ ఈ బ్రాండు ఎవరిది అని ప్రశ్న.

షీటుని యజమాని పేరు వరుసలో పేర్చి వాడతాం. అందువల్ల ఆ రెండు వరసలూ ఎప్పుడూ ఒకే తెర మీద కనపడలేదు. తవ్వితే తేలింది: ఒక అమ్మాయి జీఎం ప్రకటన చూసి ఎక్కించింది, ఇంకో అబ్బాయి ఎస్‌ఏఐసీ నెలవారీ పట్టిక చూసి ఎక్కించాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. 2017లో చైనాలో తనూ తన భాగస్వామ్య సంస్థలూ కలిసి 40 లక్షల పైచిలుకు బండ్లు అమ్మామని జీఎం చెప్పుకుంది. అదే ఏడాది ఎస్‌ఏఐసీ చెప్పుకున్నది 69 లక్షల పైచిలుకు. జీఎం చెప్పిన 40 లక్షల్లో దాదాపు అన్నీ ఎస్‌ఏఐసీ 69 లక్షల్లోనూ ఉన్నాయి. పెళ్లికొడుకుని అటు పెదనాన్న, ఇటు మేనమామ ‘మావాడే’ అన్నట్టు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కానీ పెళ్లికొడుకు ఒక్కడే.

జీఎం బ్రాండ్లైన బ్యూయిక్, షెవర్లే, కాడిలాక్ విషయంలో మేం జాగ్రత్తగానే ఉన్నాం, అవి ఒక్కసారే పడ్డాయి. దెబ్బ తిన్నది వూలింగ్, బావ్‌జున్ దగ్గర. ఈ రెండు పేర్ల మీదా బండ్లు చేసే కంపెనీ 2017లో అమ్మినవి 21 లక్షలకు పైనే. ఆ ఏడు చైనా మార్కెట్ మొత్తం 2 కోట్ల 88 లక్షలు. అంటే మా లెక్కలో వంద బండ్లకి ఏడు గాల్లో తిరుగుతున్నాయి. ఆ వారం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

క్లయింటుకి నొప్పి ఇంకోచోట. బావ్‌జున్ అమ్మకాలు 2017లో 10 లక్షలకు దగ్గరగా వచ్చాయి. మా షీటులో ‘జీఎం’ అని చూసి, అంత సరుకూ జీఎం ప్రధాన ఆఫీసున్న డెట్రాయిట్‌లో ఒక్క మీటింగుతో దొరుకుతుందని వాళ్ల ప్లానింగ్ మనిషి లెక్క వేసుకున్నాడు. విమానం టికెట్లు కూడా కొన్నారట.

ఈ బ్రాండు ఎక్కడిది

దక్షిణ చైనాలో గ్వాంగ్షీ అనే ప్రాంతం, అందులో లియుజౌ అనే పారిశ్రామిక పట్నం. అక్కడ 1958లో యంత్రాల ఫ్యాక్టరీగా మొదలైన సంస్థ తర్వాత ట్రాక్టర్లు చేసింది. ట్రాక్టర్లు అమ్ముడుపోని రోజుల్లో, 1980ల మొదట్లో, మిత్సుబిషి మినీక్యాబ్‌ని నమూనాగా పెట్టుకుని బుల్లి ట్రక్కులు చేయడం మొదలుపెట్టింది. వాటికి పెట్టిన పేరు వూలింగ్. ‘వూ’ అంటే ఐదు, ‘లింగ్’ అంటే వజ్రాకారం. మిత్సుబిషి అంటే మూడు వజ్రాకారాలు, అందులోనూ అదే అక్షరం. ఊళ్లలో సరుకులు, మనుషులు, కోళ్లు, ఏదైనా ఎక్కించుకుని తిరిగే చవక వ్యాన్లుగా వూలింగ్ బండ్లు చైనా అంతా పాకాయి.

2002లో ముగ్గురు కలిశారు. ఎస్‌ఏఐసీకి 50.1 శాతం, జీఎంకి 34, పాత లియుజౌ సంస్థకి 15.9. కంపెనీ పేరు ఎస్‌ఏఐసీ-జీఎం-వూలింగ్. చైనీస్‌లో ఆ పేరుకి ఆరు అక్షరాలు. మొదటి రెండూ షాంఘై ఆటోవి, నడుమ రెండూ జనరల్‌వి, చివరి రెండూ వూలింగ్‌వి. వాటాదారుల పట్టిక బోర్డు మీదే రాసి పెట్టారన్నమాట. ఇక్కడి నుంచి నేను దాన్ని లియుజౌ కంపెనీ అనే అంటాను.

2010లో జీఎం ఇంకో 10 శాతం కొనడానికి ఒప్పందం చేసుకుంది. అమ్మింది పాత వూలింగ్ సంస్థ. దాంతో లెక్క 50.1, 44, 5.9కి మారింది. ఆ 2010లోనే ఈ కంపెనీ కొత్త బ్రాండు ప్రకటించింది: బావ్‌జున్. జాతి గుర్రం అని అర్థం, గుర్తు కూడా గుర్రం తలే. వ్యాన్లు అమ్మిన పేరు మీద సెడాన్ అమ్మితే పట్నవాసులు కొనరన్న లెక్క ఒకటి. విదేశీ కంపెనీలతో కలిసి నడిచే సంస్థలు ‘సొంత’ చైనా బ్రాండ్లు తేవాలన్న సర్కారు ఒత్తిడి ఇంకొకటి. హోండా భాగస్వామ్యంలో ఎవరస్, నిస్సాన్ భాగస్వామ్యంలో వెనూసియా కూడా ఆ రోజుల్లో పుట్టినవే.

తమాషా ఏమిటంటే, ఆ ‘స్వదేశీ’ బ్రాండు మొదటి కారు, 2011లో వచ్చిన బావ్‌జున్ 630, పాత బ్యూయిక్ ఎక్సెల్ పునాది మీద కట్టినది. ఎక్సెల్ అంటే కొరియాలో పుట్టిన దేవూ లాసెట్టి. అదే కారు మన రోడ్ల మీద షెవర్లే ఆప్ట్రాగా తిరిగింది.

మొదటి ప్రయత్నం: ఎక్కువ వాటా ఉన్నవాడిదే

అందరికీ తోచేదే నాకూ తోచింది. 50.1 ఎస్‌ఏఐసీది, కాబట్టి జీఎం వరస కొట్టేయి. పుస్తకాల ప్రకారం ఇది సరైన పనే. ఎస్‌ఏఐసీ తన వార్షిక ఖాతాల్లో లియుజౌ కంపెనీని అనుబంధ సంస్థగా పూర్తిగా కలుపుకుంటుంది. జీఎం తన ఖాతాల్లో లాభంలో తన వంతు మాత్రమే చూపిస్తుంది, అమ్మకాల ఆదాయం కలుపుకోదు. పత్రికా ప్రకటనలో బండ్లన్నీ తనవిగా చెప్పుకునే కంపెనీ, ఆడిటర్ ముందు మాత్రం వాటిని తన అమ్మకం అనదు. నేను ఈ తేడా చూసి, ఆడిటర్ మాటే నమ్ముదామని నిర్ణయించాను. ఒక్క వరస తీసేశాం, లెక్క సరిపోయింది, క్లయింటుకి సవరణ పంపాం.

రెండు వారాలకి మళ్లీ మెయిల్. వాళ్లు డెట్రాయిట్ టికెట్లు రద్దు చేసుకుని షాంఘై వెళ్లారు. ఎస్‌ఏఐసీ సొంత కార్లైన రోవీ, ఎంజీల కొనుగోళ్లు చూసేవాళ్లని కలిశారు. బావ్‌జున్ సంగతి మా బల్ల మీదికి రాదని వాళ్లు మర్యాదగా చెప్పి పంపారట. మా మొదటి తప్పు అంకెల్లో. రెండోది అంతకన్నా పెద్దది, ఎందుకంటే అంకెలు సరిపోయాక ఇక ఎవరూ అనుమానించరు.

ఇంతలో నాకే ఇంకో అనుమానం పట్టుకుంది. 50.1 ఉన్నంత మాత్రాన పెత్తనం మొత్తం ఎస్‌ఏఐసీదేనా? చైనా కంపెనీ చట్టం ప్రకారం కంపెనీ నియమావళి మార్చాలన్నా, మూలధనం పెంచాలన్నా, విలీనం చేయాలన్నా మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. మూడో వంతు దాటి ఉన్నవాడు అడ్డం పడగలడు. 2002లో జీఎం తీసుకున్నది సరిగ్గా 34. మన దేశంలో 26 శాతం కోసం కంపెనీలు కొట్టుకునేది ఎందుకో, అక్కడ 34కి విలువ కూడా అందుకేనని నా అంచనా. ఎస్‌ఏఐసీ 50.1కి వూలింగ్ వాళ్ల 5.9 కలిపినా 56 దగ్గర ఆగిపోతుంది. రోజువారీ బండి నడిపేది ఎక్కువ వాటా ఉన్నవాళ్లే కావచ్చు. రోడ్డు మార్చాలంటే మాత్రం జీఎం సంతకం కావాలి. ‘యజమాని: ఎస్‌ఏఐసీ’ అన్న రెండు మాటల్లో ఇదంతా ఎక్కడుంది?

రెండో ప్రయత్నం: వాటాల ప్రకారం పంచడం

ఇది మా మేనేజర్ ఆలోచన. నేనూ తలూపాను కాబట్టి బాధ్యత నాదీ. ప్రతి బావ్‌జున్ బండినీ 50.1, 44, 5.9గా కోసి ముగ్గురి ఖాతాల్లో వేశాం. ఆర్థిక విశ్లేషణలో ఇలా పంచడం మామూలే. విడిభాగాల లెక్కలో ఇది పనికిరాదని అరగంటలో తెలిసింది. నాలుగు చక్రాల కారుకి ఎస్‌ఏఐసీ రెండు చక్రాలు కొని, జీఎం ఒకటిన్నర పైన కొని, మిగతా పావు చక్రం గ్వాంగ్షీ వాళ్లు కొనరు కదా. షీటు కింద మొత్తం దగ్గర ‘9,412.6 బండ్లు’ లాంటి అంకెలు చూసి మా టీమ్‌లో కరీంనగర్ అమ్మాయి పగలబడి నవ్వింది. ‘అక్కా, ఈ పాయింట్ ఆరు బండికి స్టీరింగ్ ఉంటదా?’

ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాం.

మూడో ప్రయత్నం: కొసదాకా వెళ్లడం

అప్పుడు నేననుకున్నది, నడుమ కంపెనీలన్నీ దాటుకుని అసలైన చివరి యజమాని దాకా పోదామని. ఈ దారిలో పడిన గుంతలు చెప్పుకోవాలి.

ముందుగా పేరు దగ్గరే తప్పు జరిగింది. చైనీస్ పట్టికల్ని మెషీన్ అనువాదంలో వేస్తే బావ్‌జున్‌ని అది కొన్నిచోట్ల ‘విలువైన గుర్రం’ అని ఇచ్చింది. చైనాలో బీఎండబ్ల్యూని పిలిచే పేరు ‘బావ్‌మా’. దానికి అర్థం కూడా విలువైన గుర్రమే. మొదటి అక్షరం రెండింట్లోనూ ఒకటే. మా టీమ్‌లో అబ్బాయి ఒక ప్రాంతీయ పట్టికలో ఆ మాట చూసి, బీఎండబ్ల్యూకి ఒక నెలలో ఒక రాష్ట్రంలో నమ్మలేనన్ని బండ్లు అంటగట్టాడు. దొరికిపోయింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి పేర్లని అనువదించడం మానేశాం. చైనీస్ అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు ఒక కాలమ్‌లో పెట్టి, దానితోనే జత కలుపుతున్నాం.

రెండో గుంత వూలింగ్. హాంకాంగ్ స్టాక్ మార్కెట్లో వూలింగ్ మోటార్స్ హోల్డింగ్స్ అని ఒక కంపెనీ ఉంది. పేరు చూడగానే చిన్న వాటాదారు దొరికాడని సంబరపడి, 5.9 శాతం ఎదురుగా దాన్ని రాసేశాను. రెండు రోజుల తర్వాత దాని వార్షిక నివేదిక కూర్చుని చదివితే తేలింది, అది ఇంజన్లు, భాగాలు, ప్రత్యేక వాహనాలు చేసే సంస్థ. లియుజౌ కంపెనీ దానికి పెద్ద ఖాతాదారు. బావ్‌జున్‌కి అది యజమాని కాదు, బావ్‌జున్‌కి సరుకు అమ్ముకునే మనిషి. ఆ మాటకొస్తే మా క్లయింటుకి పోటీదారు. 5.9 ఉన్నది పాత లియుజౌ సంస్థకి. అది 2015లో గ్వాంగ్షీ ఆటోమొబైల్ గ్రూప్ అని పేరు మార్చుకుంది. హాంకాంగ్ కంపెనీలో పెద్ద వాటా కూడా ఆ గ్రూపుదే. అక్క కొడుకూ చెల్లెలి కొడుకూ ఒకే పోలికతో ఉన్నారని ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో రాసినట్టయింది నా పని. అప్పటి నుంచి మా నియమం: పోలికని బట్టి ఏ కంపెనీనీ కలపకూడదు. చైనాలో ప్రతి కంపెనీకీ పద్దెనిమిది అక్షరాల ఏకీకృత కోడ్ ఉంటుంది. అది సరిపోలితేనే ఒకటే కంపెనీ, లేదంటే రెండు.

ఇక కొస. ఎస్‌ఏఐసీ షాంఘై నగర ప్రభుత్వానిది. గ్వాంగ్షీ గ్రూపు గ్వాంగ్షీ ప్రాంతీయ ప్రభుత్వానిది. ‘రెండూ సర్కారువే కదా, చైనా ప్రభుత్వం అని ఒక్క గడిలో రాసేద్దాం’ అన్నాడు మేనేజర్. నేను ఒప్పుకోలేదు. షాంఘై నగరానికి కావలసింది ఎస్‌ఏఐసీ లాభం. గ్వాంగ్షీకి కావలసింది లియుజౌలో ఉద్యోగాలు, చుట్టుపక్కల భాగాలు చేసే ఫ్యాక్టరీలకి పని. భాగాలు ఎక్కడ కొనాలన్న నిర్ణయంలో ఈ రెండు కోరికలూ ఒకే వైపు లాగవు. రెండింటినీ ‘చైనా’ అని కలిపేస్తే క్లయింటుకి అసలు పనికొచ్చే సమాచారం అక్కడే చచ్చిపోతుంది.

అటు జీఎం కొస చూద్దామంటే ఇంకో మెలిక. 2010 నవంబరులో జీఎం మళ్లీ స్టాక్ మార్కెట్లోకి వచ్చి షేర్లు అమ్మినప్పుడు ఎస్‌ఏఐసీ సుమారు 50 కోట్ల డాలర్లు పెట్టి దాదాపు ఒక శాతం కొంది. జీఎంలో ఎస్‌ఏఐసీ, ఇద్దరూ కలిసి లియుజౌలో. కొసదాకా వెళ్తే కొస దొరకలేదు, ముడి దొరికింది.

పహాణీ

2018 మేలో తెలంగాణలో కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు ఇచ్చారు. ఆ శనివారం నేను ఊరికెళ్లాను. నాన్న కొత్త పుస్తకం పక్కన పాత పహాణీ నకలు పెట్టుకుని సర్వే నంబర్లు సరిచూసుకుంటున్నాడు. ఆ కాగితం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, అనుభవదారు పేరు పక్క కాలమ్‌లో. మా రెండెకరాల చెలక పట్టా తాత పేరు మీద, అనుభవంలో ఉన్నది చిన్నాన్న. ఊళ్లో ఎవరైనా ‘ఈ చెలక ఎవరిది’ అని అడిగితే పట్వారీ ఎదురు ప్రశ్న వేసేవాడని నాన్న చెప్పేవాడు: ‘కొనడానికా, కౌలుకా, గొడవకా?’

ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నిజాం కాలం నుంచి ఉన్న గ్రామ లెక్కలకి తెలిసిన విషయం మా లక్షల రూపాయల షీటుకి తెలియదు.

సోమవారం ‘యజమాని’ కాలమ్ తీసేసి, దాని చోట నాలుగు పెట్టాం. ఆఫీసులో వాటి ఇంగ్లిష్ పేర్లు వేరే ఉన్నాయి గానీ, మాలో మేం తెలుగులోనే పిలుచుకుంటాం: చేసేవాళ్లు, పెత్తనం, పేరు, పుట్టుక. ‘చేసేవాళ్లు’లో కారు ఏ కంపెనీ ఫ్యాక్టరీలోంచి వస్తుందో ఆ కంపెనీ, దాని కోడ్. ‘పెత్తనం’లో వాటాలు, ఖాతాల్లో ఎవరు కలుపుకుంటారు, అడ్డం పడగలిగే వాటా ఎవరికి ఉంది. ‘పేరు’లో ఆ దేశంలో ఆ బ్రాండు పేరు హక్కు ఎవరిది. ‘పుట్టుక’లో బండి ఎవరి డిజైన్ మీద నిలబడింది. నాలుగింటికీ పక్కన ‘నుంచి’, ‘వరకు’ అని రెండేసి తేదీలు.

మొత్తాలు కూడేది మొదటి కాలమ్ మీద మాత్రమే. ఈ ఒక్క నిర్ణయం మీద చాలా వాదన జరిగింది. సేల్స్ వాళ్లకి గ్రూపుల మొత్తాలు కావాలి, అవే స్లైడ్లలో బాగుంటాయి. నా వాదన ఒక్కటే: ఒక కారు ఒక్క గేటులోంచే బయటికొస్తుంది. వాటాదారులు ముగ్గురుండొచ్చు, పేర్లు నాలుగుండొచ్చు, గేటు ఒక్కటే. రెండుసార్లు లెక్కపడే వీలు లేని కాలమ్ అదొక్కటే. గ్రూపు మొత్తం కావాలంటే ‘పెత్తనం’ నుంచి విడిగా తీసుకోండి, పైన ‘ఇవి ఒకదాని మీద ఒకటి పడతాయి’ అని రాసి మరీ ఇస్తాం.

బావ్‌జున్ వరస ఇలా తయారైంది. చేసేవాళ్లు లియుజౌ కంపెనీ. పెత్తనంలో 50.1, 44, 5.9. ఖాతాల్లో కలుపుకునేది ఎస్‌ఏఐసీ, అడ్డం పడగలిగేది జీఎం. పుట్టుక మాత్రం బ్రాండుకి కాదు, మోడల్‌కి రాయాల్సి వచ్చింది. 630కి బ్యూయిక్ ఎక్సెల్. బావ్‌జున్ లేచీకి పాత షెవర్లే స్పార్క్, అంటే మటీజ్ వంశం. 2014 నుంచి వచ్చిన 730, 560, 510లకి లియుజౌయే. ‘స్వదేశీ బ్రాండు’ అన్న ముద్ర మొదట్లో పేరుకి మాత్రమే. కార్లు నిజంగా లియుజౌవి కావడానికి మూడు నాలుగేళ్లు పట్టింది. పాత షీటులో ఈ తేడా చూపించే చోటే లేదు.

పుట్టుక ఎంత వెనక్కి వెళ్లాలన్నది ఇంకో చిక్కు. 630 నుంచి ఎక్సెల్, ఎక్సెల్ నుంచి లాసెట్టి, లాసెట్టి సెడాన్ ఒంటిని గీసింది ఇటలీ పినిన్‌ఫరీనా. ఆ దారిన పోతే చైనా కారు ఇటలీలో తేలుతుంది. ఒక్క తరం వెనక్కి వెళ్లి ఆగాలని తేల్చాం. క్లయింటుకి కావలసింది తన భాగం పాత కారులో సరిపోయిందా అన్నదే, ముత్తాత సంగతి వాళ్లకెందుకు.

పరీక్ష

ఒక బ్రాండుకి కుదిరిన పద్ధతి అన్నిటికీ కుదరాలని లేదు. అందుకని కావాలని కష్టమైనవి తెచ్చి పెట్టాం.

మొదట రోవీ. బ్రిటన్‌లో ఎంజీ రోవర్ 2005 ఏప్రిల్‌లో కుప్పకూలింది. రోవర్ 25, 75 డిజైన్ల హక్కులు అంతకుముందే ఎస్‌ఏఐసీ కొనుక్కుంది. ఎంజీ పేరు, ఫ్యాక్టరీ సరంజామా 2005లో నాన్‌జింగ్ ఆటోమొబైల్ కొంది. రోవర్ అన్న పేరు మాత్రం బీఎండబ్ల్యూ చేతిలో ఉంది, దాన్ని 2006లో ఫోర్డ్‌కి అమ్మింది. చేతిలో కారు ఉంది, పెట్టడానికి పేరు లేదు. అందుకే ఎస్‌ఏఐసీ 2006లో రోవీ అని కొత్త పేరు పుట్టించి రోవర్ 75 మీద కట్టిన కారుని రోవీ 750గా అమ్మింది. 2007 చివర్లో నాన్‌జింగ్‌ని కలుపుకోవడంతో ఎంజీ పేరు కూడా ఎస్‌ఏఐసీకి వచ్చింది. 2008లో ఫోర్డ్ జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లని టాటాలకి అమ్మినప్పుడు రోవర్ పేరు వాటితో పాటు వెళ్లింది. ఒళ్లు షాంఘైలో, పేరు ముంబైలో. పాత ‘యజమాని’ గడిలో దీన్ని ఎలా ఇరికించేవాళ్లమో నాకిప్పటికీ అర్థం కాదు. నాలుగు కాలమ్‌ల్లో పది నిమిషాల పని.

రెండోది మన షెవర్లే ఎంజాయ్. 2013లో జీఎం ఇండియా అమ్మిన ఎంపీవీ, పుట్టుక లియుజౌ వారి వూలింగ్ హాంగ్‌గ్వాంగ్. అమెరికా గుర్తు పెట్టుకున్న చైనా బండి. పేరు జీఎం, చేసేవాళ్లు జీఎం ఇండియా, పుట్టుక వూలింగ్. ఇదీ కుదిరింది.

కుదరనివీ ఉన్నాయి. 2019లో బావ్‌జున్ గుర్రం తల తీసేసి కొత్త వజ్రాకారపు గుర్తుతో ‘న్యూ బావ్‌జున్’ అంటూ ఆర్‌ఎస్-5 అనే కారుతో మొదలుపెట్టింది. కొన్నాళ్లు రెండు గుర్తుల బండ్లూ పక్కపక్కనే అమ్ముడయ్యాయి. మా వాళ్లు దాన్ని వేరే బ్రాండుగా ఎక్కించారు. ‘పేరు’ కాలమ్‌లో గుర్తు మారితే కొత్త బ్రాండా, కాదా? హక్కుదారు మారకపోతే కాదు అని తేల్చాం గానీ, కొనేవాడి కంట్లో అవి రెండు వేరు వేరు బండ్లు. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.

ఆ తర్వాత

క్లయింటు ఈసారి లియుజౌకే మనిషిని పంపాడు. ఆర్డరు వచ్చిందో లేదో వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. మా షీటు కొనడం మాత్రం మానలేదు.

నాలుగు కాలమ్‌లు పెట్టినందుకు నాకు అసలు మెప్పు దొరికింది ఏడాది తర్వాత, అదీ ఇంటి దగ్గర. 2018లో వచ్చిన బావ్‌జున్ 530, 2019 జూన్‌లో మన దేశంలో ఎంజీ హెక్టర్‌గా వచ్చింది. తయారీ గుజరాత్‌లోని హాలోల్‌లో, జీఎం వదిలేసి వెళ్లిన ఫ్యాక్టరీలో. అదే బండి అప్పట్లో థాయ్‌లాండ్‌లో షెవర్లే క్యాప్టివా, ఇండోనేషియాలో వూలింగ్ అల్మాజ్. చైనాలో ఎస్‌ఏఐసీ, జీఎం కలిసి కన్న బండికి పొరుగు దేశాల్లో ఒకచోట ఈవైపు ఇంటిపేరు, ఇంకోచోట ఆవైపు ఇంటిపేరు. హెక్టర్ కొన్న మా బావగారు ‘ఇంగ్లండు కంపెనీ అమ్మా, వందేళ్ల చరిత్ర’ అని స్టీరింగ్ మీద చేయి వేసి చెప్పారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన చెప్పింది ఆ పేరు వరకు నిజమే.

2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ ఎలక్ట్రిక్ కారు వచ్చినప్పుడు ఆ వరస నింపే పని మా కరీంనగర్ అమ్మాయిదే, ఇప్పుడు తను టీమ్ లీడ్. పుట్టుక: బావ్‌జున్ యున్‌డువో, లియుజౌ. పేరు: ఎంజీ. చేసేవాళ్లు: జేఎస్‌డబ్ల్యూ ఎంజీ మోటార్ ఇండియా, హాలోల్. పెత్తనం దగ్గర కొంచెంసేపు ఆగింది. చైనా లాంటి పొరుగు దేశాల పెట్టుబడులకి కేంద్రం అనుమతి తప్పనిసరి చేస్తూ 2020 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకి మన దేశపు జేఎస్‌డబ్ల్యూ గ్రూపు 35 శాతంతో లోపలికొచ్చింది. ఎస్‌ఏఐసీకి 49, మిగతాది ఇతర వాటాదారులకి. ఇక్కడ సగం దాటినవాళ్లు ఎవరూ లేరు.

‘అక్కా, దీన్ని ఖాతాల్లో ఎవరు కలుపుకుంటరో ఇంకా నివేదిక రాలే. ఏం రాయాలి?’

ఏమీ రాయొద్దన్నాను. ‘నుంచి’ గడిలో తేదీ వేసి, ‘వరకు’ ఖాళీగా వదిలి సేవ్ చేసింది.